కెరటం కంటే ముందే కబురు

సెలవులొస్తే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి బండ్లు సముద్రం దారి పడతాయి. ఆ ఒడ్డున రేపు ఎంతెత్తు కెరటం లేస్తుందో చెప్పే అంచనా హైదరాబాద్‌లోనే తయారవుతోంది. ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. అయినా అది చూసి బయల్దేరేవాళ్లు మనలో చాలా తక్కువ.

2024 మే 6న కన్యాకుమారి జిల్లాలోని లెమూర్ బీచ్‌లో అయిదుగురు వైద్య విద్యార్థులు కెరటాలకు బలయ్యారు. ఆ రోజు ఆ సముద్రంలో తుఫాను లేదు, వాయుగుండం లేదు. వాళ్లను లాక్కెళ్లిన కెరటాలు పుట్టింది దక్షిణ అట్లాంటిక్‌లో, మన తీరానికి సుమారు 10,000 కిలోమీటర్ల దూరంలో. ఏప్రిల్ చివరి వారంలో అక్కడ రేగిన గాలులు నీటిని కదిలిస్తే, ఆ కదలిక హిందూ మహాసముద్రం పొడవునా ప్రయాణించి మే మొదటి వారానికి కేరళ, తమిళనాడు ఒడ్డులను తాకింది. అది వస్తోందని ముందే తెలుసు. ఒడ్డుకు దూరంగా ఉండమని హెచ్చరిక కూడా వెలువడింది.

ఆ హెచ్చరిక ఇచ్చింది మన రాజధానిలోని సంస్థే. హైదరాబాద్ శివారు ప్రగతి నగర్‌లో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అందరూ పిలిచే పేరు ఇన్‌కాయిస్. 1999లో ఏర్పడింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత దేశానికి సునామీ హెచ్చరికల కేంద్రం కావాలనుకున్నప్పుడు దాన్ని కూడా ఇక్కడే పెట్టారు. 2007 అక్టోబరు నుంచి అది పనిచేస్తోంది. తీరమే లేని రాష్ట్రంలో కూర్చుని ఆ శాస్త్రవేత్తలు గుజరాత్ నుంచి బెంగాల్ దాకా ప్రతి ఒడ్డునూ కనిపెట్టుకుని ఉన్నారు.

కబురు ఉంది. చేరాల్సిన చెవికి అది చేరడం లేదు. ఈ కథనం రాయడానికి కారణం అదే.

మనకు తెలిసిన నీళ్లు వేరు

సిరిసిల్ల నుంచి ఎటు గీత గీసినా సముద్రం మూడొందల కిలోమీటర్ల పైమాటే. అంతమాత్రాన మనం నీళ్లు తెలియనివాళ్లం కాదు. ధర్మపురిలో గోదావరి స్నానాలు, మానేరు వాగు, మధ్య మానేరు జలాశయం, ఎస్సారెస్పీ కాకతీయ కాలువ, వరద కాలువ, ఊరూరా చెరువులు. బావిలో ఈత నేర్చినవాళ్లు ప్రతి పల్లెలోనూ ఉంటారు. ఎక్కడ లోతుందో, ఏ గేటు ఎత్తితే ఎంత వడి వస్తుందో వాళ్లకు తెలుసు.

సముద్రం ముందు ఆ తెలివి అక్కరకు రాదు. నది ఒక వైపే పారుతుంది. చెరువు నిలిచి ఉంటుంది. సముద్రపు ఒడ్డున నీరు ముందుకొస్తుంది, వెనక్కి పోతుంది, ఒడ్డు వెంబడి పక్కకు జరుగుతుంది. మూడు కదలికలూ ఒకేసారి, మోకాలి లోతు నీళ్లలోనే. నిన్న నిలబడ్డ చోట ఇవాళ గుంత ఉండొచ్చు. అన్నవరం, సింహాచలం దర్శనం చేసుకుని తూఫాన్ బండిలో విశాఖ చేరిన కుటుంబానికో, కాలేజీ టూరులో సూర్యలంక బీచ్‌కు వెళ్లిన పిల్లలకో ఇవేమీ చెప్పేవాళ్లుండరు. బావిలో ఈత వచ్చన్న ధైర్యమే అక్కడ ఎక్కువ ముప్పు తెస్తుంది. ఈత రానివాడు మోకాలి లోతులో ఆగిపోతాడు, ఈతగాడు కెరటం దాటి వెళ్లిపోతాడు.

కెరటం పుట్టేది ఎక్కడో

గాలి నీటిని రుద్దితే అల పుడుతుంది. గాలి ఎంత బలంగా వీచింది, ఎంతసేపు వీచింది, ఎంత దూరం అడ్డు లేకుండా వీచింది అన్న మూడింటిని బట్టి దాని పరిమాణం ఉంటుంది. దగ్గర్లోని గాలికి పుట్టిన అల చిన్నది, చిందరవందరగా ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి నాలుగైదు సెకన్లకే వచ్చేస్తుంది. పెద్ద తుఫాను కింద పుట్టిన కెరటాలు అలా కాదు. పుట్టిన చోటు వదిలాక అవి ప్రయాణంలో వేగాన్ని బట్టి వేరుపడి, వరస కట్టి, పన్నెండు నుంచి పద్దెనిమిది సెకన్ల ఎడంతో సాగుతాయి. సర్ఫింగ్ చేసేవాళ్లు వీటిని స్వెల్ అంటారు.

వరిచేను మీద గాలి వీచినప్పుడు చేను చివరి దాకా అల పాకుతుంది, మొక్క మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. నడిసముద్రంలో కెరటమూ అంతే. నీరు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది, దూరం వెళ్లేది శక్తి. పదిహేను సెకన్ల ఎడం ఉన్న స్వెల్‌లో ఆ శక్తి గంటకు దాదాపు 42 కిలోమీటర్ల వేగంతో, అంటే రోజుకు సుమారు 1,000 కిలోమీటర్లు నడుస్తుంది. అంటార్కిటికాకు దగ్గర్లోని దక్షిణ సముద్రంలో ఈ ఆదివారం రేగిన తుఫాను వచ్చే ఆదివారానికి అటూ ఇటుగా ఆంధ్ర తీరాన్ని తడుతుంది. ఆ వారం రోజులే అంచనా వేసేవాళ్లకు దొరికే గడువు.

ఒడ్డు దగ్గర అసలు కథ

కెరటానికి నేల తగలడం దాని పొడవులో సగం లోతు దగ్గర మొదలవుతుంది. అయిదు సెకన్ల అల పొడవు 40 మీటర్ల లోపే. అది 20 మీటర్ల లోతుకు వస్తే గాని నేలను గుర్తించదు. పదిహేను సెకన్ల స్వెల్ పొడవు 350 మీటర్లు. అది 175 మీటర్ల లోతులోనే నేలను తాకి నెమ్మదిస్తుంది. ముందున్నది నెమ్మదిస్తే వెనకున్నది దగ్గరికి వస్తుంది, పొడవు తగ్గి ఎత్తు పెరుగుతుంది. నడిసముద్రంలో పడవకు కూడా పెద్దగా తెలియని స్వెల్ ఒడ్డుకొచ్చేసరికి గోడలా నిలబడేది ఇందుకే. చివరికి నీటి లోతు కెరటం ఎత్తుకు ఒకటింపావు రెట్లకు తగ్గగానే తల ముందుకు వాలి విరుగుతుంది.

ఎలా విరుగుతుందన్నది నేల వాలును బట్టి ఉంటుంది. నేల మెల్లగా పల్లమైతే కెరటం నురగలు కక్కుతూ చాలా దూరం దొర్లుతుంది. వాలు ఎక్కువైతే వంగి గొట్టంలా చుట్టుకుని ఒక్కసారిగా మీద పడుతుంది. అనుభవమున్న సర్ఫర్లు కోరుకునేది రెండోదాన్ని. స్నానానికి దిగినవాళ్ల మెడ, వెన్ను దెబ్బతినేదీ దానివల్లే.

రాతి దిబ్బ మీద విరిగే కెరటం రోజూ ఒకే చోట విరుగుతుంది. మన తూర్పు తీరం చాలావరకు ఇసుక. ఇసుక నేల మీద విరిగే కెరటాన్ని బీచ్ బ్రేక్ అంటారు. ఇక్కడ కెరటం ఎక్కడ విరగాలో చెప్పేది నీటి అడుగున ఉన్న ఇసుక మేట. ఆ మేటను పేర్చేదీ చెరిపేదీ మళ్లీ కెరటమే. నైరుతి రుతుపవనాల్లో తీరం వెంబడి ఇసుక ఉత్తరానికి జరుగుతుంది, ఈశాన్య గాలులు మొదలయ్యాక దక్షిణానికి మళ్లుతుంది. విశాఖలో ఈ రాకపోకలను 1950లలోనే కొలిచారు. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు ఒడ్డున ఇసుక కోత, మేటల చక్రాన్ని నమోదు చేశారు. విశాఖలో 1933లో ఓడరేవు మొదలైంది. దాని అడ్డుకట్టల వల్ల దక్షిణం నుంచి వచ్చే ఇసుకకు దారి తప్పింది. ఓడరేవు తవ్వి తీసిన ఇసుకను తెచ్చి ఆర్కే బీచ్‌కు పోయడం నేటికీ తప్పడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దాటాక ఆ ఒడ్డు ఎంత కోసుకుపోయిందో విశాఖ మరచిపోలేదు.

అందుకే పోయిన ఏడాది దిగిన చోటే కదా అని మళ్లీ దిగడం ప్రమాదం. ఊరు అదే, బీచ్ పేరు అదే. అడుగున నేల మాత్రం మారిపోయి ఉంటుంది.

ప్రశాంతంగా కనిపించే చోటే ముప్పు

కెరటాలు మోసుకొచ్చిన నీరంతా ఒడ్డున గుట్టపడి ఉండలేదు, వెనక్కి పోవాలి. ఇసుక మేటల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ సన్నని పాయగా చేరి సముద్రంలోకి పరుగెడుతుంది. అదే రిప్ కరెంట్. మామూలుగా సెకనుకు అర మీటరు, ఉద్ధృతంగా ఉన్నప్పుడు రెండు మీటర్లు దాటే వేగం. ఒలింపిక్ ఈతగాడు కూడా ఆ వేగానికి ఎదురీదలేడు.

పాయ ఉన్నచోట లోతు ఎక్కువ. లోతు ఎక్కువ కాబట్టి కెరటం అక్కడ విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగ పొంగుతుంటే మధ్యలో ఒక ముదురు రంగు దారి నిమ్మళంగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు, ముఖ్యంగా పిల్లల్ని వెంటబెట్టుకున్న తల్లిదండ్రులు, అలలు లేవని సరిగ్గా ఆ చోటునే ఎంచుకుంటారు. సముద్రం పెట్టే పరీక్షల్లో ఇంతకంటే కఠినమైనది లేదు.

ఎవరైనా మునిగిపోతే మరుసటి రోజు అందరూ సుడిగుండం లాగేసిందనుకుంటారు. రిప్ కరెంట్ మనిషిని కిందికి గుంజదు, దూరానికి తీసుకెళ్తుంది. ప్రాణం తీసేది భయం, ఒడ్డు వైపు ఎదురీదడంలో వచ్చే అలసట. చిక్కుకున్నవాళ్లు చేయాల్సింది ముందు తేలడం. వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తి కేక వేయాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ కనిపించే చోటికి చేరి, కెరటం ఊతంతో వెనక్కి రావాలి. చూస్తున్నవాళ్లు దూకకూడదు. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఖాళీ డబ్బానో, తాడో, గాలి నింపిన ట్యూబో విసిరి లైఫ్‌గార్డును పిలవాలి. 112కు ఫోన్ చేయాలి. సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

యుద్ధం నేర్పిన విద్య

కెరటాల అంచనా శాస్త్రంగా నిలబడింది రెండో ప్రపంచ యుద్ధంలో. సైనికులను పడవల్లో శత్రువు తీరానికి చేర్చాలంటే ఆ రోజు ఒడ్డున కెరటం ఎంత ఉంటుందో తెలియాలి. హెరాల్డ్ స్వెర్‌డ్రప్, ఆయన శిష్యుడు వాల్టర్ మంక్ గాలి లెక్కల నుంచి కెరటం ఎత్తును రాబట్టే పద్ధతిని రూపొందించి, సైనిక వాతావరణ నిపుణులకు నేర్పారు. 1944 జూన్‌లో నార్మండీ దాడిని వాతావరణం బాగాలేదని 5వ తేదీ నుంచి 6కు వాయిదా వేసినప్పుడు ఈ విద్య అక్కరకొచ్చింది. అదే మంక్ 1963లో న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా పసిఫిక్ అంతటా కొలమానాలు పెట్టి, దక్షిణ సముద్రపు తుఫాను నుంచి బయల్దేరిన స్వెల్‌ను భూగోళం అవతలి కొస దాకా వెంబడించారు.

ఇవాళ ఆ పని ఇన్‌కాయిస్‌లో కంప్యూటర్లు చేస్తున్నాయి. సముద్రం మీది గాలి వివరాలు ఉపగ్రహాల నుంచి, వాతావరణ నమూనాల నుంచి వస్తాయి. 2022 నవంబరులో ఇస్రో పంపిన ఓషన్‌శాట్ శ్రేణి ఉపగ్రహం సముద్రంపై గాలి వేగాన్ని, దిశను కొలుస్తుంది. భారత్, ఫ్రాన్స్ కలిసి 2013 ఫిబ్రవరిలో పంపిన సరళ్ ఉపగ్రహం అంతరిక్షం నుంచే కెరటం ఎత్తును కొలవడానికి తోడ్పడింది. ఆ గాలి లెక్కల్ని వేవ్‌వాచ్ వంటి నమూనాలకు అందిస్తే, ఏ చోట ఎంత కెరటం ఉంటుందో మూడేసి గంటల చొప్పున రాబోయే రోజులకు లెక్క తేలుతుంది. లెక్క సరిగ్గా ఉందో లేదో చూసేందుకు విశాఖ వంటి చోట్ల తీరానికి దూరంగా బోయాలు తేలుతున్నాయి. కెరటంతోపాటు లేస్తూ దిగుతూ అవి ఎత్తును, ఎడాన్ని, దిశను పంపిస్తుంటాయి. 2020 నుంచి చిన్న పడవలకు, దూరపు స్వెల్‌కు వేరువేరుగా హెచ్చరికలు ఇస్తున్నారు. సముద్ర అనే మొబైల్ యాప్‌లో ఇవన్నీ చూడొచ్చు.

నాలుగు అంకెలు చదవడం వస్తే చాలు

ఎత్తు: అంచనాలో 1.5 మీటర్లు అని ఉంటే ప్రతి కెరటమూ అంతే ఉంటుందని కాదు. వచ్చే కెరటాల్లో పెద్దవైన మూడో వంతు తీసి, వాటి సగటు వేసిన అంకె అది. మూడు గంటల్లో ఒక్కటైనా దానికి దాదాపు రెట్టింపు ఎత్తున వస్తుంది. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు.

ఎడం: రెండు కెరటాల మధ్య సెకన్లు. కొత్తవాళ్లు ఎత్తు ఒక్కటే చూసి వదిలేస్తారు. ఒక మీటరు ఎత్తు, అయిదు సెకన్ల ఎడం అంటే చిన్న గాలి అలలు. అదే ఒక మీటరు, పదిహేను సెకన్లు అంటే దూరపు స్వెల్. అది ఒడ్డున ఇంకా పైకి లేస్తుంది, ఎక్కువ నీటిని తోస్తుంది, రిప్ కరెంట్లను బలపరుస్తుంది. పైగా స్వెల్ గుంపులుగా వస్తుంది. కొన్ని నిమిషాలు సముద్రం సద్దుమణిగి, వెంటవెంటనే నాలుగైదు పెద్దవి వస్తాయి. ఆ విరామంలో నీళ్లలోకి దిగినవాళ్లే ఎక్కువగా చిక్కుకుంటారు.

దిశ: విశాఖ తీరం ఆగ్నేయానికి చూస్తుంది. దక్షిణం నుంచి వచ్చే స్వెల్‌కు డాల్ఫిన్స్ నోస్ కొండ కొంత అడ్డు. కొండకు దక్షిణాన ఉన్న యారాడకు ఆ అడ్డు లేదు. ఒకే ఊళ్లో ఒకే రోజు రెండు బీచ్‌లు రెండు రకాలుగా ఉండడానికి ఇదొక కారణం.

ఆటుపోట్లు, గాలి: పోటు, పాటు రోజుకు రెండేసి సార్లు వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వాటి తేడా ఎక్కువ. నీరు తీసే వేళ పాయలు జోరందుకుంటాయి. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి కెరటం ముఖాన్ని నున్నగా ఉంచుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి అంతా కలగాపులగం చేస్తుంది. సర్ఫర్లు పొద్దు పొడవక ముందే నీళ్లలో ఉండేది అందుకే.

సర్ఫింగ్ 2020 టోక్యో ఒలింపిక్స్‌తో ప్రపంచ వేదికకెక్కింది. 2025 ఆగస్టులో ఆసియా పోటీలు మన పక్కనే మహాబలిపురంలో జరిగాయి. విశాఖలోనూ పలక మీద కెరటమెక్కే యువత పెరుగుతోంది. వాళ్ల నుంచి మనం నేర్చుకోవాల్సింది సాహసం కంటే ముందు ఓపిక. మంచి సర్ఫర్ బీచ్‌కు వచ్చాక చాలాసేపు ఒడ్డునే నిలబడి చూస్తాడు: ఎక్కడ విరుగుతోంది, ఎన్ని కెరటాలకొకసారి విరామం వస్తోంది, పాయ ఎటు పోతోంది. విశాఖ జాలారిపేట మత్స్యకారులూ పడవను నీళ్లలోకి తోసే ముందు చేసేది ఇదే. పెద్ద కెరటాల గుంపు పోయే దాకా ఆగి, సందు దొరకగానే ఒక్క ఊపున దాటేస్తారు. తెప్పల కాలం నుంచి తాతలు నేర్పిన విద్య అది.

యంత్రం ఎంత గొప్పదైనా, ఏ మేట పక్కన ఇవాళ పాయ తెరుచుకుందో అంత సూక్ష్మంగా చెప్పడం కష్టం. అంచనా ఎప్పుడు జాగ్రత్తగా ఉండాలో చెబుతుంది. ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఆ ఒడ్డున బతికే మత్స్యకారుడు, లైఫ్‌గార్డు చెబుతారు. రెండూ కలిస్తేనే రక్షణ.

గల్ఫ్ ఒడ్డున మనవాళ్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో దుబాయ్, మస్కట్ మాట వినపడని గడప అరుదు. వారాంతపు సెలవు దొరికితే సముద్రపు ఒడ్డే వాళ్లకు ఖర్చు లేని ఊరట. అక్కడా నీటి తీరు అంతటా ఒకటి కాదు. దుబాయ్ ఉన్న గల్ఫ్ లోతు తక్కువ జలాలు. షమాల్ అనే గాలి వీచినప్పుడు పొట్టి అలలు దగ్గరదగ్గరగా లేస్తాయి. ఒమన్ దక్షిణాన సలాలా నేరుగా అరేబియా సముద్రానికి ఎదురుగా ఉంది. నైరుతి రుతుపవనాల్లో, అక్కడివాళ్లు ఖరీఫ్ అనే పచ్చటి కాలంలో, అక్కడి ముగ్‌సైల్ కొండచరియలను కెరటాలు బాదుతాయి. 2022 జులైలో అక్కడ రక్షణ కంచె దాటిన పర్యాటకులను ఒక కెరటం ఊడ్చుకుపోయింది. ఆ తీరాల్లో పచ్చ, పసుపు, ఎరుపు జెండాలు కడతారు. ఎరుపు ఉంటే దిగవద్దని ఇంటివాళ్లు ఫోన్లో ఒక్కమాట చెప్పినా మేలే.

బయల్దేరే ముందు

మన దగ్గర మామిడి రైతు వడగళ్ల కబురు చూడనిదే కోతకు కూలీలను పిలవడు. వరి కల్లంలో ఉంటే ఇంటిల్లిపాదీ వాన సూచన కోసం ఫోన్ చూస్తుంది. వాతావరణ కబురుతో బతుకును సర్దుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. ఆ అలవాటు సముద్రం దాకా సాగాలి.

టూరు ఏర్పాటు చేసే కాలేజీ, బస్సు మాట్లాడే ఏజెంటు, కుటుంబాన్ని తీసుకెళ్లే పెద్దమనిషి బయల్దేరే ముందురోజు కెరటాల అంచనా చూడాలి. హెచ్చరిక ఉంటే ఆ పూట ఇసుకలో ఆడుకుని వచ్చేయాలి. లైఫ్‌గార్డు ఉన్న బీచ్‌లోనే దిగాలి, ఆయన గీసిన హద్దులోనే ఉండాలి. ఎవరూ లేని ఒడ్డు ఎంత అందంగా ఉన్నా నీళ్లు ముట్టొద్దు. మద్యం తాగినవాళ్లను దిగనివ్వొద్దు. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్ద మనిషి చూపు వాళ్ల మీదే ఉండాలి, ఫోన్ మీద కాదు.

ప్రభుత్వాలు చేయాల్సిందీ ఉంది. మత్స్యకారుడికి చేరుతున్న హెచ్చరిక పర్యాటకుడికీ చేరాలి. తీరంలో దిగే ప్రతి బస్‌స్టాండులో, ప్రతి బీచ్ దారిలో ఆ రోజు అంచనా తెలుగులో పెద్ద అక్షరాలతో కనపడాలి. విహారయాత్రకు అనుమతి ఇచ్చే విద్యాశాఖ, ఆ తేదీ సముద్ర సూచన చూశారా అని ఒక ప్రశ్న కాగితం మీదే అడగాలి. జగిత్యాల బడిపిల్లలకు నది, చెరువు, కాలువ జాగ్రత్తలతోపాటు రిప్ కరెంట్ బొమ్మ ఒకటి పాఠంలో ఉండాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

శాస్త్రం తన వంతు చేసింది. ప్రపంచం అవతలి కొసన పుట్టిన కెరటాన్ని వారం ముందే గుర్తుపట్టి, ఎప్పుడు వస్తుందో, ఎంతెత్తు వస్తుందో లెక్కగట్టి మన చేతిలో పెట్టింది. బండి ఎక్కే ముందు రెండు నిమిషాలు దాన్ని చదవడం ఇక మన వంతు. సముద్రం చూడాలన్న మోజు మంచిదే. దానికి దూరంగా పుట్టినవాళ్లకు ఆ హక్కు ఇంకా ఎక్కువ. వెళ్లిన పిల్లలంతా క్షేమంగా తిరిగొచ్చేలా చూసుకోవడం పెద్దల బాధ్యత.